ఎంబీఎస్ఆర్ 8 వారాల ధ్యానం కోర్సు రివ్యూ: ఎరుక బాగా నేర్పించారు, శీలం వదిలేశారు

ఎంబీఎస్ఆర్ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్) అనే 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు, అంటే ఎరుకతో ఒత్తిడి తగ్గించుకోవడం నేర్పే కోర్సు, ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను, ఎలా ఉందో రాయమని తెలిసినవాళ్ళు అడుగుతున్నారు, అందుకే ఈ రివ్యూ. కాస్త పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి. ముందే చెప్పేస్తున్నా, కోర్సు మంచిది, చేరమనే చెప్తాను. కానీ ఇది బుద్ధుడి దారిలోంచి పునర్జన్మ, పూజ, దీక్ష లాంటివన్నీ పక్కనపెట్టి ఎవరికైనా పనికొచ్చే సాధన మాత్రం ఇస్తామని చెప్పే కోర్సు, ఆ పక్కనపెట్టడంలో నమ్మకాలతో ఏ సంబంధమూ లేని ఒక పెద్ద ముక్క కూడా పోయింది, అదే శీలం, అంటే మన మాట, పని, బతుకుతెరువు వల్ల ఎవరికీ హాని లేకుండా చూసుకోవడం, నా కంప్లైంట్ అంతా దాని గురించే.

ఏ సంస్థలో చేశానో, టీచర్ ఎవరో రాయట్లేదు, ఎందుకంటే సిలబస్ ఎక్కడ చేరినా దాదాపు ఒకటే, నేను మెచ్చుకునేవీ తప్పుపట్టేవీ కూడా ఎక్కువ ఆ సిలబస్‌లోనివే. దీన్ని తయారుచేసింది జాన్ కబాట్-జిన్, 1979లో, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో. ఆయన చదివింది మాలిక్యులర్ బయాలజీ, సాధన చేసింది జెన్, విపస్సన అనే బౌద్ధ ధ్యాన పద్ధతులు. ఏళ్ళ తరబడి నొప్పులతో తిరుగుతూ మందులతో పెద్దగా గుణం కనపడని పేషెంట్ల కోసం మొదలుపెట్టాడు. ఆస్పత్రిలో అన్ని మతాలవాళ్ళకీ, ఏ మతమూ లేనివాళ్ళకీ చెప్పాలి కాబట్టి బుద్ధుడి పేరు గానీ, పాళీ (పాత బౌద్ధ గ్రంథాల భాష) మాటలు గానీ పాఠంలో పెట్టలేదు. వారానికి ఒక క్లాసు, సుమారు రెండున్నర గంటలు. ఆరో వారానికీ ఏడో వారానికీ మధ్య ఒక రోజంతా మౌనంగా సాధన. ఇవి కాక ఇంటి దగ్గర వారంలో 6 రోజులు, రోజుకి 45 నిమిషాలు. ఈ 45 నిమిషాలే దీనికి అసలు ఫీజు, అది కట్టలేకపోతే డబ్బులు కట్టినా ఉపయోగం లేదు.

చేరకముందు టీచర్ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడారు. ఈమధ్య ఇంట్లో ఎవరైనా పోయారా, డిప్రెషన్ ఉందా, ఏవైనా మందులు వాడుతున్నారా, పాత గాయాలు ఏవైనా మనసులో మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయా, నిద్ర ఎలా ఉంటోంది, ఇలా చాలా అడిగారు. మొదట ఇంత ఆరా ఎందుకబ్బా అనిపించింది గానీ తర్వాత అర్థమైంది, ఇది లేకుండా డబ్బు కట్టగానే లింక్ పంపే కోర్సుల్ని నమ్మకూడదని. ఎందుకో చివర్లో చెప్తా.

మొదటి క్లాసులో ఒక ఎండుద్రాక్షని చేతిలో పెట్టుకుని చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమిలే ఎక్సర్‌సైజ్ ఉంటుంది, దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి వదిలేస్తున్నా. అసలు మొదటి రెండు వారాల పని బాడీ స్కాన్. వెల్లకిలా పడుకుని ఎడమ కాలి వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పాదం, మడమ, పిక్క, మోకాలు అలా ఒక్కో భాగం మీద ధ్యాస నిలిపి, కాసేపు ఉండి, వదిలి, పక్కదానికి వెళ్ళడం, తల దాకా. 45 నిమిషాలు. బర్మా ధ్యాన గురువు ఊ బా ఖిన్ పరంపరలో, అంటే గోయెంకా గారి విపస్సనలో, ఒళ్ళంతా వరసగా పరిశీలించుకుంటూ వెళ్ళే పద్ధతి ఉంది కదా, దానికి దగ్గరి చుట్టం ఇది. చాలామంది నిద్రపోతారు, నాకూ నిద్ర వచ్చేసింది, కొంతమందికి చిరాకొస్తుంది, ఒకామె అయితే మూడో రోజుకే ఇంకెంతసేపు ఈ మోకాలు అని కోపం వచ్చేసిందని క్లాసులో చెప్పేసింది. టీచర్ ఆవిడకి సర్దిచెప్పే ప్రయత్నం ఏమీ చేయలేదు, ఆ కోపం ఒంట్లో ఎక్కడ తెలిసింది అని అడిగారు. దవడలో అంది. అయితే ఆ క్షణంలో దవడని స్కాన్ చేశారన్నమాట, ప్రాక్టీస్ జరిగినట్టే అన్నారు. ఈ కోర్సు పద్ధతి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ప్రశాంతంగా అనిపించిందా లేదా అన్నదానికి ఎవరూ మార్కులు వేయరు, ఏం జరుగుతోందో తెలిసిందా లేదా అన్నదే చూస్తారు. యాప్‌లలో వర్షం చప్పుడు పెట్టుకుని పడుకోవడానికి అలవాటుపడినవాళ్ళకి ఇది మొదట్లో చేదుగానే ఉంటుంది.

ఇక నాకు ఈ కోర్సులో అన్నింటికంటే విలువైనది అనిపించింది రెండు కాగితాలు. రెండో వారం హోంవర్క్‌లో రోజుకి ఒక నచ్చిన సంఘటన రాయాలి, మూడో వారంలో రోజుకి ఒక నచ్చని సంఘటన. చూడ్డానికి స్కూలు పిల్లల డైరీలా అనిపిస్తుంది కానీ గళ్ళు చూడండి: ఏం జరిగింది, జరుగుతున్నప్పుడు అది తెలిసిందా, ఒంట్లో ఏమనిపించింది, మనసులో ఏ ఆలోచన, ఏ మూడ్, ఇప్పుడు రాస్తుంటే ఏమనిపిస్తోంది. నచ్చిన వారంలో నేను రాసిన వాటిల్లో ఎక్కువ భాగం "జరుగుతున్నప్పుడు తెలిసిందా" గడి దగ్గర ఆగిపోయేవి. బాల్కనీలో చల్లగాలి తగిలింది, హాయిగా ఉంది అనుకునేలోపే చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది, ఫొటో తీసి ఎవరికి పంపాలా అని. గాలి తగిలింది ఒక్క క్షణం, మిగతాదంతా ఆ హాయిని పట్టుకోవాలనే తాపత్రయం. నచ్చని వారంలో ఇంకా స్పష్టంగా తెలిసింది. ఆఫీసు గ్రూపులో మా లీడ్ పేరుతో మెసేజ్ వచ్చిందని స్క్రీన్ మీద కనపడగానే, మెసేజ్ ఇంకా ఓపెన్ కూడా చేయకముందే, ఛాతీ బిగుసుకుంది. ఆ బిగువు తర్వాత "మళ్ళీ ఏదో తప్పు పట్టాడు" అనే ఆలోచన, దాని తర్వాత మనసులోనే గట్టి జవాబు తయారైపోవడం. మెసేజ్ తెరిచి చూస్తే మీటింగ్ టైమ్ మారిందని, అంతే.

టీచర్ ఎక్కడా ఈ మాట వాడలేదు గానీ ఇది పక్కాగా వేదన. నొప్పి అనే అర్థంలో కాదు, పాళీలో వేదన అంటే ఏ అనుభవం తగిలినా దాంతో పాటే వచ్చే రుచి: సుఖం, దుఃఖం, రెండూ కానిది. ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో గమనించమని చెప్పిన నాలుగింటిలో ఇది రెండోది, శరీరం తర్వాత, చిత్తానికి ముందు. వేదన వల్ల తృష్ణ, తృష్ణ వల్ల పట్టు అని బుద్ధుడు చెప్పిన గొలుసులో మనిషి చెయ్యి పెట్టి ఆపగలిగిన చోటు ఇదే, ఎందుకంటే చల్లగాలి హాయిగా తగలడం మన చేతుల్లో లేదు, ఛాతీ బిగుసుకోవడమూ మన చేతుల్లో లేదు, ఆ తర్వాత ఏం చేస్తామన్నది మాత్రం కొంత ఉంది. బుద్ధుడు రెండు బాణాల ఉపమానం కూడా చెప్పాడు, మొదటి బాణం ఒంటికి తగిలిన నొప్పి, రెండోది దాని మీద మనసు పడే గోల, అభ్యాసం ఉన్నవాడికి మొదటిదే తగులుతుంది అని. ఈ విషయం నేను ఎన్నోసార్లు చదివాను. చదివినప్పుడు తెలియనిది ఆ రెండు కాగితాలు నింపుతుంటే తెలిసింది. ఒక పాత బోధనని, ఏ నమ్మకమూ అడగకుండా, కొన్ని గళ్ళలో ఏడు రోజుల పనిగా మార్చేసిన వాళ్ళకి నిజంగా దణ్ణం పెట్టాలి.

మూడో వారం నుంచి మెల్లగా చేసే యోగాసనాలు ఉంటాయి, పెద్ద కష్టం కాదు, ఒంట్లో బాగోనివాళ్ళు కుర్చీలో కూర్చుని కూడా చేయొచ్చు, పర్వాలేదు. తర్వాత కూర్చుని చేసే ధ్యానం పెరుగుతుంది, ముందు శ్వాస, తర్వాత శరీరం, చప్పుళ్ళు, ఆలోచనలు, ఆఖరికి ఏ ఒక్కదాన్నీ పట్టుకోకుండా వచ్చిందాన్ని వచ్చినట్టు చూడటం. వీటికి ఇచ్చిన ఆడియోలు బాగున్నాయి, గొంతులో నాటకీయత లేదు, మధ్యలో మ్యూజిక్ లేదు, మౌనం ఎక్కువ. ఒక్క చిన్న ఇబ్బంది, అన్నీ 45 నిమిషాలవే ఇచ్చారు, చిన్నపిల్లలున్న తల్లులు గ్రూపులో ఉన్నారు, వాళ్ళకి 20 నిమిషాలవి కూడా ఇచ్చి ఉంటే బాగుండేది.

సాధన అయ్యాక ప్రతి క్లాసులో మాట్లాడుకోవడం ఉంటుంది, దాన్ని ఎంక్వైరీ అంటారు. ఆడియోలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి మనం కోర్సుకి డబ్బు కట్టేది దీనికే. ఎవరో ఒకరు తనకేం జరిగిందో చెప్తారు, టీచర్ సలహా ఇవ్వరు, ఓదార్చరు, విశ్లేషించరు, ఒకటి రెండు ప్రశ్నలతో ఆ మనిషిని మళ్ళీ తన అనుభవం దగ్గరికే తీసుకెళ్తారు. వినడానికి తేలిగ్గా ఉంది కదా, చేయడం చాలా కష్టం, టీచర్ తనే ఏళ్ళ తరబడి కూర్చుని ఉంటే తప్ప రాదు. మా టీచర్‌కి వచ్చు. ఆన్‌లైన్ అయినా, చిన్న చిన్న డబ్బాల్లో మొహాలు కనపడుతున్నా, ఆవిడ మాట్లాడుతుంటే మిగతా అందరం మా గురించే అన్నట్టు వినేవాళ్ళం. మౌనం రోజు మాత్రం ఆన్‌లైన్‌లో సగమే పనిచేసింది. కెమెరా ముందు నడక ధ్యానం, తలుపు అవతల ఇంట్లోవాళ్ళ మాటలు, పక్క గదిలో టీవీ. కుదిరితే ఆ ఒక్క రోజుకైనా నేరుగా వెళ్ళి కూర్చునే చోట చేరండి.

పనిచేస్తుందా అంటే, రీసెర్చ్ ఏం చెప్తోందో కూడా సూటిగా చెప్పుకుందాం, ఎందుకంటే సెక్యులర్ ధ్యానం అంటే సైన్స్ ప్రూవ్ చేసింది అని ఊదరగొట్టేవాళ్ళు ఎక్కువైపోయారు. 2014లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో 47 ట్రయల్స్, 3,515 మందిని కలిపి చూసిన రివ్యూ వచ్చింది: ఆందోళన, డిప్రెషన్, నొప్పి ఈ మూడింటికి ఓ మోస్తరు ఉపశమనం ఉందన్నారు, కానీ వ్యాయామం, మందుల లాంటి ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగు అనడానికి ఆధారం దొరకలేదన్నారు. 2022లో 276 మంది ఆందోళన పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో ఇదే 8 వారాల ఎంబీఎస్ఆర్, ఎసిటలోప్రామ్ అనే మందుకి ఏమాత్రం తీసిపోలేదని తేలింది. దీని నుంచి పుట్టిన ఎంబీసీటీ (మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ కాగ్నిటివ్ థెరపీ) అనే చికిత్సని డిప్రెషన్ మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేవాళ్ళకి బ్రిటన్‌లో ఏ చికిత్సలు వాడాలో సూచించే నైస్ సంస్థ 2004లోనే సిఫార్సు చేసింది. అదే బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా స్కూలు పిల్లల మీద చేసిన మిరియడ్ ట్రయల్ 2022లో బయటికొచ్చింది, స్కూల్లో మామూలుగా చెప్పే పాఠాల కంటే మైండ్‌ఫుల్‌నెస్ పాఠాల వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు అందులో. కాబట్టి కావాలని వచ్చి, కూర్చుని, 45 నిమిషాలు చేసే పెద్దవాళ్ళకి పనికొస్తుంది, అందరికీ చుక్కల మందులా పోసే రకం కాదు. నా మటుకు నాకు నిద్ర కొంచెం మెరుగైంది, ఇంట్లో మాటకి మాట అనడం తగ్గింది, ఈ రెండోది నేను చెప్పట్లేదు, మా ఇంట్లోవాళ్ళు చెప్పారు.

ఇప్పుడు అసలు కంప్లైంట్.

ఐదో వారం ప్రాంతంలో కష్టమైన సంభాషణల గురించి పాఠం ఉంటుంది. ఎదుటివాళ్ళతో గొడవ జరిగినప్పుడు మనకేం కావాలి, వాళ్ళకేం కావాలి, ఒంట్లో ఏం జరిగింది అని రాసుకోవాలి. మంచిదే. కానీ నేను అన్న మాట నిజమా కాదా అనే గడి అందులో లేదు. ఆ మాట వల్ల ఎవరికైనా మేలుందా అనే గడి లేదు. బుద్ధుడు మంచి మాటకి ఐదు లక్షణాలు చెప్పాడు: సమయానికి అనేది, నిజమైనది, మృదువైనది, మేలు చేసేది, మైత్రితో అనేది. ఇందులో ఏ ఒక్కదానికైనా పునర్జన్మని నమ్మాల్సిన పనుందా? మరి ఇదెందుకు తీసేశారు?

తర్వాత క్లాసులో జరిగింది చెప్తాను, వివరాలు మార్చి చెప్తున్నా. ఒకతను తన ఉద్యోగం గురించి మాట్లాడాడు. ఫోన్లు చేసి, అక్కర్లేనివాళ్ళకి, అర్థం కానివాళ్ళకి, పెద్ద వయసువాళ్ళకి ఏవో ప్లాన్లు అంటగట్టడం అతని పని. టార్గెట్లు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉంటోంది అన్నాడు. టీచర్ ఎప్పటిలాగే ఆ గొంతులో అడ్డం ఎలా ఉంది, గట్టిగా ఉందా, కదులుతోందా, దానితో కాసేపు ఉండగలరా అని అడిగారు. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు కాసేపు, కొంచెం తేలికైంది అన్నాడు, క్లాసు ముందుకెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. ఎందుకంటే ఆ గొంతులో అడ్డం జబ్బు కాదు కదా, అది అతని మంచితనం. అది అతనికి ఏదో చెప్పాలని చూస్తోంది. దాన్ని తేలిక చేసి మళ్ళీ సోమవారం అదే ఫోన్ దగ్గర కూర్చోబెడితే మనం ఎవరికి సాయం చేసినట్టు? ఆ ఫోన్ అవతల ఉన్న పెద్దాయనకి మాత్రం కాదు.

టీచర్‌ని తప్పుపట్టట్లేదు, ఆవిడ తనకి నేర్పిన పద్ధతిలో నిజాయితీగా పనిచేశారు. లోపం సిలబస్‌లో ఉంది. బుద్ధుడు చెప్పిన ఎనిమిది భాగాల దారి, అష్టాంగ మార్గంలో సమ్మా సతి, అంటే సరైన ఎరుక, ఏడోది. దాని ముందు సమ్యక్ వాక్కు, సమ్యక్ కర్మ, సమ్యక్ జీవిక, అంటే సరైన మాట, సరైన పని, సరైన బతుకుతెరువు ఉన్నాయి. ఎనిమిది ఆకుల చక్రంలోంచి ఒక్క ఆకు ఊడదీసి చేతికిస్తే అది నడవదు. క్లాసు తర్వాత ఈ సంగతి నేను అడిగాను కూడా, ఆవిడ చెప్పిన జవాబు న్యాయమైనదే: ఆస్పత్రికి వచ్చిన పేషెంట్‌కి నువ్వెలా బతకాలో చెప్పే హక్కు మాకు లేదు, మనిషి తనని తాను గమనించుకోవడం మొదలుపెడితే దయ అదే వస్తుంది, టీచర్ ప్రవర్తనలోనే శీలం కనపడాలి అన్నారు. సగం ఒప్పుకుంటాను. క్లాసులో ఎవరికీ నీతిబోధ అక్కర్లేదు. కానీ దయ అదే వస్తుందనే ధీమా నాకు లేదు. గురిచూసి కొట్టేవాడికీ ఏకాగ్రత ఉంటుంది. కంపెనీలు ఉద్యోగులకి ఈ కోర్సులు పెట్టించడం మొదలైన దగ్గర్నుంచి ఈ ప్రశ్న ఇంకా పదునెక్కింది, పని గంటలు తగ్గించకుండా, మనుషుల్ని పెంచకుండా, ఒత్తిడి నీ లోపలే ఉంది ఊపిరి చూసుకో అంటే అది ధ్యానం పేరుతో నోరు మూయించడమే.

మతం లేకుండా బుద్ధుణ్ణి తీసుకోవడం అనగానే అమెరికా నుంచి వచ్చిన ఈ పద్ధతి ఒక్కటే గుర్తుకొస్తోంది ఇప్పుడు, కానీ దానికంటే ముందే ఇంకొకరు ఆ పని చేశారు. అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నప్పుడు ఆయన కూడా ఆత్మనీ, అతీత శక్తులనీ, పోయిన జన్మ పాపం వల్లే ఈ జన్మలో ఈ బతుకు అనే వాదాన్నీ తీసి అవతల పారేశారు. మరి ఏం ఉంచుకున్నారు? శీలం. మనిషికీ మనిషికీ మధ్య సంబంధం ఎలా ఉండాలి అన్నదే ధమ్మం అన్నారు. సమానత్వం, సోదరభావం. ధ్యానానికి అక్కడ పెద్ద చోటు లేదు. 1979లో కబాట్-జిన్ కూడా నమ్మకాలు తీసేశాడు, ధ్యానం ఉంచుకున్నాడు, శీలానికి పెద్ద చోటు లేదు. రెండు పద్ధతులూ సెక్యులరే, రెండూ బుద్ధుడి నుంచే, ఒకరి చేతిలో ఉన్న సగం ఇంకొకరి చేతిలో లేదు. ఈ రెండు సగాలూ ఒకే గదిలో కూర్చుంటే ఎంత బాగుంటుందో అని కోర్సు అయిపోయాక నాకు పదే పదే అనిపిస్తోంది. ఆఫీసు మెసేజ్‌కి బిగుసుకునే ఛాతీని గమనించడం ఎంత ముఖ్యమో, మన పక్కన కూర్చోడానికి ఎవరిని రానిస్తున్నాం, ఎవరిని రానివ్వట్లేదు అని చూసుకోవడం అంతే ముఖ్యం, రెంటికీ కావలసింది అదే ఎరుక.

ఇది కుదిరే పనేనా అంటే కుదురుతుంది. స్టీఫెన్ బాచెలర్ అని, టిబెటన్ సంప్రదాయంలో, తర్వాత కొరియన్ జెన్‌లో ఏళ్ళ తరబడి భిక్షువుగా ఉండి బయటికొచ్చిన మనిషి, నాలుగు ఆర్యసత్యాల్ని నమ్మాల్సిన నిజాలుగా కాకుండా చేయాల్సిన నాలుగు పనులుగా తీసుకోమంటాడు. దుఃఖాన్ని పూర్తిగా తెలుసుకోవడం, తృష్ణని వదలడం, అది ఆగిన క్షణాన్ని కళ్ళారా చూడటం, దారిని పెంచుకోవడం. ఇది ఆయన కొత్తగా కల్పించింది కూడా కాదు, సారనాథ్‌లో చెప్పిన మొదటి బోధనలోనే ప్రతి సత్యానికీ చేయాల్సిన పని పక్కనే చెప్పి ఉంది. కోర్సులో మొదటి మూడు పనులూ పేర్లు లేకుండా చక్కగా చేయించారు. నాలుగోదాంట్లో, అంటే ఆ అష్టాంగ మార్గంలో, మాత్రం ఎనిమిదింటికి రెండే చూపించి వదిలేశారు. అబద్ధం ఆడకపోవడం, దొంగిలించకపోవడం లాంటి ఐదు నియమాలు, పంచశీలాల్ని కూడా ఆజ్ఞల్లా కాకుండా హోంవర్క్‌లా ఇవ్వొచ్చు: ఈ వారం రోజుకి ఒక్కసారి, అబద్ధం నోటిదాకా వచ్చిన క్షణాన్ని పట్టుకో, ఒంట్లో ఏమైందో రాయి. అదే కాగితం, అవే గళ్ళు. నేను సొంతంగా ఇప్పుడు అలాగే రాసుకుంటున్నా, నచ్చిన సంఘటనల కాగితం కంటే ఇదే ఎక్కువ నేర్పిస్తోంది.

రెండో లోటు, తోడు. 8 వారాలు ప్రతి వారం ఒకరి కష్టం ఒకరు విన్న మనుషులం, ఎనిమిదో వారం అందరికీ టాటా చెప్పి కెమెరా ఆపేశాక ఎవరికి వాళ్ళమే. వాట్సాప్ గ్రూపు కొన్నాళ్ళు మోగి చల్లబడింది. మంచి స్నేహం ఈ దారిలో సగం కదా అని శిష్యుడు ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదే అన్నాడట బుద్ధుడు. ఒంటరిగా ఆడియో పెట్టుకుని కూర్చునే సాధన ఎన్నాళ్ళు నిలుస్తుందో ప్రయత్నించిన ప్రతి ఒక్కరికీ తెలుసు. నెలకొకసారి పాత బ్యాచ్‌లన్నీ కలిసి కూర్చునే ఏర్పాటు ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి, అలాంటిదే వెతుక్కోండి.

యాప్‌లతో పోలిస్తే ఎలా అని అడిగారు. హెడ్‌స్పేస్, కామ్ లాంటివి అలవాటు మొదలుపెట్టడానికి బాగానే ఉంటాయి, హెల్దీ మైండ్స్ అయితే ఉచితం, పాఠాలు కూడా శ్రద్ధగా చేశారు. కానీ మోకాలి మీద కోపం వచ్చిందని చెప్తే అది ఒంట్లో ఎక్కడ తెలిసింది అని అడిగే మనిషి యాప్‌లో ఉండదు. వరసగా ఇన్ని రోజులు చేశావు అని లెక్క చూపించడం కూడా నాకు నచ్చదు, ధ్యానంలో వదులుకోవాల్సిన పట్టునే అది పెంచుతుంది. 10 రోజుల గోయెంకా విపస్సన కోర్సు కూడా గతంలో చేశాను, అది వేరే స్థాయి: తెల్లవారుజామున 4 గంటలకి గంట, రోజుకి దాదాపు 10 గంటలు కూర్చోవడం, ఫీజు లేదు, మొత్తం పాత విద్యార్థుల విరాళాలతోనే నడుస్తుంది. అక్కడ మొట్టమొదట చేయించేది శీలం తీసుకోవడమే, ఆ విషయంలో దానికి నూటికి నూరు. అయితే ఏ మతమూ కాదు అంటూనే పాళీ గాథలు, సంస్కారాల (మనసులో పేరుకున్న పాత ప్రతిస్పందనల) సిద్ధాంతం, జన్మల ప్రస్తావన ప్రవచనాల్లో వస్తుంటాయి, ఆ విషయంలో ఇబ్బందిపడేవాళ్ళకి, రోజూ ఉద్యోగం ఇల్లు మధ్యే సాధన చేయాలనుకునేవాళ్ళకి ఎంబీఎస్ఆర్ నయం.

చేరకముందు టీచర్ అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగారో చెప్తానన్నాను. ధ్యానం అందరికీ అన్నివేళలా మంచిదే అనేది నిజం కాదు. 2017లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు సాధకులతో వివరంగా మాట్లాడి వేసిన పేపర్‌లో భయం, నిద్ర పట్టకపోవడం, తను తను కానట్టు అనిపించడం, పాత గాయాలు ఒక్కసారిగా పైకి రావడం లాంటివి ఎన్నో నమోదయ్యాయి. పెద్ద గాయం ఉన్నవాళ్ళకి కళ్ళు మూసుకుని ఒంటి మీద ధ్యాస పెట్టమంటే అదే నరకం కావొచ్చు. అలాంటప్పుడు కళ్ళు తెరిచి చేయడం, శ్వాస బదులు చప్పుళ్ళ మీద ఉండటం, కొన్నాళ్ళు పూర్తిగా ఆపేయడం, ఇవన్నీ టీచర్‌కి తెలిసి ఉండాలి. ప్రస్తుతం చికిత్స తీసుకుంటున్నవాళ్ళు మీ డాక్టర్‌తో మాట్లాడకుండా చేరొద్దు, ధ్యానం మొదలుపెట్టాం కదా అని మందులు మానేయొద్దు.

రేటింగ్ 5కి 4 ఇస్తున్నా. పోయిన ఆ ఒక్కటీ శీలానికి. మతం నమ్మేవాళ్ళు చేయొచ్చా అంటే నిస్సంకోచంగా చేయొచ్చు, ఏ దేవుణ్ణీ వదలమనరు. హేతువాదులు చేయొచ్చా అంటే మీకోసమే చేసినట్టుంటుంది, ఏ ఒక్కటీ చూడకుండా నమ్మమనరు. చేరేముందు టీచర్‌ని రెండు అడగండి: మీరు ఇప్పటికీ రిట్రీట్‌లకి (కొన్ని రోజులు ఉండి చేసే ధ్యాన శిబిరాలకి) వెళ్తున్నారా, కోర్సు అయ్యాక మేం కలిసి కూర్చునే ఏర్పాటు ఉందా. రెంటికీ సూటిగా జవాబు రావాలి. దానికి ముందు ఒక 45 నిమిషాల బాడీ స్కాన్ ఆడియో తీసుకుని, ఉచితంగానే చాలా దొరుకుతాయి, వారం పాటు రోజూ చేసి చూడండి, రోజులో ఆ సమయం అసలు దొరకట్లేదంటే ఈ బ్యాచ్ వదిలేసి వచ్చే బ్యాచ్‌లో చేరండి.